స్వయంనిర్మిత సీఎన్‌సీ యంత్రంలో నియంత్రణ సాఫ్ట్‌వేర్, భద్రతా స్విచ్‌ల అమరిక

మొక్కజొన్న, వేరుశనగ, ఆముదం వంటి పంటలను విత్తే యంత్రాలలో విత్తన పళ్ళెం చిన్న భాగమే అయినా, మొక్కల సాంద్రతను నిర్ణయించేది అదే. పళ్ళెం అంచున ఉండే గుంత విత్తనపు గరిష్ఠ కొలత కంటే సుమారు 10 శాతం పెద్దదిగా ఉండాలన్నది రూపకల్పనలో సాధారణంగా పాటించే నియమం. రకం మారితే విత్తన పరిమాణం మారుతుంది, దానితోపాటు పళ్ళెమూ మారాలి. పరిశోధన కోసం కావలసిన నాలుగైదు పళ్ళాలను బజారులో కొనడం సాధ్యం కాదు. అందువల్ల వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు అల్యూమినియం చట్రం, మూడు స్టెప్పర్ మోటార్లు, ఒక చెక్క రూటర్‌తో తామే చిన్న సీఎన్‌సీ యంత్రాన్ని నిర్మించుకోవడం ప్రయోజనకరమైన పని. అయితే శ్రద్ధ అంతా చట్రం మీదనే ఉండి, స్విచ్‌ల తీగలు చివరి రోజుకు మిగిలిపోతాయి. నిమిషానికి పది వేలకు పైగా చుట్లు తిరిగే కట్టర్ ఉన్న యంత్రంలో ఈ క్రమం తలకిందులైనదే.

ఇటువంటి యంత్రాలకు విరివిగా వాడే నియంత్రణ సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్. 2009లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఆర్డునో ఊనో బోర్డు మీద నడుస్తుంది. కంప్యూటర్ పంపే జీ-కోడ్‌ను చదివి మోటార్లకు అడుగుల సంకేతాలుగా మారుస్తుంది. ఇక్కడ విద్యార్థి ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. కట్టర్ ఎక్కడ ఉన్నదో ఈ సాఫ్ట్‌వేర్ చూడదు, తాను పంపిన అడుగులను లెక్కించి ఊహిస్తుంది. 200 అడుగులకు ఒక చుట్టు తిరిగే మోటారును 8 సూక్ష్మ అడుగులుగా విభజించి, చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే లీడ్ స్క్రూకు బిగిస్తే, మిల్లీమీటరుకు 200 అడుగులు వస్తాయి. ఎక్స్ అక్షానికి ఈ అంకెను $100లో ఇచ్చి, 100 మిల్లీమీటర్లు కదలమని ఆదేశించి, కొలిచి సరిచూడాలి. కట్టర్ బిగుసుకుపోయి మోటారు కొన్ని అడుగులు తప్పినా సాఫ్ట్‌వేర్ లెక్క మాత్రం ముందుకు సాగిపోతుంది. $20లో అమర్చే సాఫ్ట్ లిమిట్ ఆ లెక్క మీదనే ఆధారపడుతుంది కనుక, లెక్క తప్పినప్పుడు ఆ రక్షణ కూడా తప్పుతుంది. అసలు హోమింగ్ ($22) చేయకపోతే ఆ లెక్కకు మొదలే లేదు.

కావున యంత్రపు హద్దును నిజంగా తాకి చెప్పే లిమిట్ స్విచ్‌లు అవసరం. వీటిని రెండు విధాలుగా కలపవచ్చు. జీఆర్‌బీఎల్ ముందస్తు అమరిక ప్రకారం, నొక్కినప్పుడు వలయం మూసుకునే స్విచ్‌ను ఆశిస్తుంది. ఈ పద్ధతిలో తీగ తెగినా, కనెక్టర్ ఊడినా, బోర్డుకు కనిపించేది ‘స్విచ్ నొక్కబడలేదు’ అన్నదే. యంత్రం సవ్యంగా ఉన్నట్లే పనిచేస్తూ, హద్దు చేరిన రోజున ఆగదు. మామూలుగా మూసి ఉండి, నొక్కినప్పుడు తెరుచుకునే ఎన్‌సీ స్విచ్‌ను వాడి $5ను 1గా మారిస్తే, తెగిన తీగ వెంటనే అలారంగా బయటపడుతుంది. ఒకే అక్షానికి రెండు చివర్లా స్విచ్‌లు ఉంటే వాటిని సిరీస్‌లో కలపాలి. $5 అన్ని అక్షాలకూ ఒకేసారి వర్తిస్తుంది కనుక రెండు రకాల స్విచ్‌లను కలగలపరాదు.

ఎన్‌సీకి మరో మేలు ఉంది. బోర్డులోని అంతర్గత పుల్-అప్ నిరోధం 20 నుండి 50 కిలో ఓముల వరకు ఉండే బలహీనమైనది. తెరిచి ఉన్న పొడవాటి తీగ స్పిండిల్ మోటారు విద్యుత్ రొదను ఏరియల్ వలె గ్రహించి, కారణం లేని అలారంలు తెస్తుంది. మూసి ఉన్న వలయం గ్రౌండ్‌కు గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది కాబట్టి ఈ బెడద తగ్గుతుంది. షీల్డ్ తీగను వాడి, షీల్డ్‌ను ఒక చివర మాత్రమే గ్రౌండ్ చేయడం, మోటారు తీగలకు దూరంగా నడపడం, పిన్ను వద్ద 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం కూడా అవసరమే. రొద అలారంలతో విసిగి $21ను 0 చేసి హార్డ్ లిమిట్‌నే తీసివేయడం విద్యార్థులకు సులభంగా తోచే పరిష్కారం. తప్పుడు అలారం కంటే అది ఎక్కువ ప్రమాదకరం.

అత్యవసర స్విచ్ విషయం ఇంకా కఠినమైనది. తెరమీది ‘ఆపు’ గుర్తు యూఎస్‌బీ తీగ మీద ఆధారపడుతుంది. బోర్డు మీది ఫీడ్ హోల్డ్ పిన్ను కదలికను క్రమంగా తగ్గించి ఆపుతుంది. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగం, సెకనుకు సెకనుకు 100 మిల్లీమీటర్ల త్వరణం ఉన్న యంత్రం ఆగేలోపు 12.5 మిల్లీమీటర్లు సాగుతుంది, పైగా స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది. రీసెట్ పిన్ను కదలికను వెంటనే ఆపినా, అదీ ప్రోగ్రాము సక్రమంగా నడుస్తున్నంతవరకే. చేయి చిక్కుకున్న క్షణాన ప్రోగ్రామును నమ్ముకోరాదు.

అందుచేత నొక్కితే నిలిచిపోయే ఎర్రని పుట్టగొడుగు స్విచ్ యొక్క ఎన్‌సీ కాంటాక్టు, కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్ళే తీగలోనే ఉండాలి. స్పిండిల్‌కు, మోటారు డ్రైవర్లకు విద్యుత్తు ఆ కాంటాక్టర్ గుండా మాత్రమే వెళ్ళాలి. ప్రారంభ బటన్‌కు సమాంతరంగా కాంటాక్టర్ సహాయక కాంటాక్టును కలిపితే అది తనను తాను పట్టి ఉంచుకుంటుంది. కరెంటు తరచూ పోయే చోట ఈ అమరికే అసలైన రక్షణ. మామూలు స్విచ్‌తో నడిచే రూటర్, కరెంటు పోయినప్పుడు ఆగి, పళ్ళెం మీది తరుగును విద్యార్థి చేతితో తుడుస్తుండగా కరెంటు రాగానే తనంతట తాను తిరుగుతుంది. కాంటాక్టర్ ఉంటే, ప్రారంభ బటన్ నొక్కేవరకు ఏదీ కదలదు. ఎర్ర స్విచ్‌ను తిప్పి విడిపించినంత మాత్రానా యంత్రం మొదలు కాకూడదు.

బోర్డు విద్యుత్తును మాత్రం కాంటాక్టర్ వెలుపల ఉంచడం మంచిది. అత్యవసర స్విచ్‌లోని రెండవ కాంటాక్టును రీసెట్ పిన్నుకు కలిపితే, యంత్రం ఆగిన సంగతి సాఫ్ట్‌వేర్‌కూ తెలుస్తుంది. భద్రత దీనిమీద ఆధారపడదు కనుక ఇక్కడ తెరిచి ఉండే రకం వాడినా దోషం లేదు. ఇలా ఆగిన తర్వాత స్థానపు లెక్కను నమ్మక, మళ్ళీ హోమింగ్ చేయాలి. విద్యుత్తు తెగినా కట్టర్ కొన్ని క్షణాలు తన వేగంతో తిరుగుతుంది. బాల్ స్క్రూ లేదా బెల్టు వాడిన జడ్ అక్షం బరువుకు కిందికి జారవచ్చు. దానికి ప్రతిభారమో స్ప్రింగో అమర్చాలి.

మొదటి పళ్ళెం కోయకముందు, కట్టర్ బిగించకుండా పరీక్షలు చేయాలి. ఒక్కొక్క స్విచ్‌ను చేతితో నొక్కి ‘?’ ఆదేశం పంపితే, సమాధానంలో సరైన అక్షం పేరు కనిపించాలి. తర్వాత ఒక స్విచ్ తీగను ఊడదీసి అలారం వస్తుందో లేదో చూడాలి. తొలి హోమింగ్ సమయంలో ఒక చేయి ఎర్ర స్విచ్ మీదనే ఉండాలి, ఎందుకంటే అక్షం వ్యతిరేక దిశలో పరుగెత్తడం అరుదు కాదు. దిశను $3, $23లలో సరిచేయవచ్చు. స్పిండిల్ తిరుగుతుండగా యూఎస్‌బీ తీగను లాగి చూడాలి. స్పిండిల్‌ను విడిగా ఆన్ చేసిన యంత్రాలలో కదలిక ఆగినా అది ఆగదని అప్పుడు తెలుస్తుంది. చివరగా మెయిన్ స్విచ్ కట్టి, మళ్ళీ వేసి, ఏదీ తనంతట కదలడం లేదని నిర్ధారించుకోవాలి.

పరీక్షలు ముగిశాక ‘$$’ ఆదేశంతో వచ్చే అమరికల పట్టికను అచ్చుతీసి యంత్రం పెట్టెలో ఉంచాలి. బోర్డు మార్చినప్పుడు $5, $20, $21, $22 ముందస్తు విలువలకు తిరిగిపోతాయి. అటువంటి మార్పు జరిగిన ప్రతిసారీ ఈ పరీక్షలన్నీ మొదటినుండి చేయాలి.