నిండిన పోకెడెక్స్ - అడ్డదారుల గూర్చి కొంత విచారణ

సంచికకు ఏదైనా వ్యాసం వ్రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, స్టాటిస్టిక్స్ చదువుతున్నవాడిని గనుక ఏ శాంపిలింగ్ గూర్చో వ్రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. నేను వ్రాయబోయేది ఒక వీడియో గేమ్ గూర్చి. లెక్చరర్లు పేజీ తిప్పేయకుండా కాస్త ఓపిక పట్టాలని మనవి. చివరికి ఇందులో కూడా లెక్కలున్నాయి, ఒక తప్పు కూడా ఉంది. ఆ తప్పు నాదే.

మొన్న వేసవి సెలవుల్లో అక్క వాళ్ళ ఊరు వెళ్ళాను. మా మేనల్లుడు ఏడో తరగతి. వాడు పాత ఫోనులో 'పోకెమాన్ ఫైర్‌రెడ్' ఆడుతున్నాడు. 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి యంత్రం కోసం వచ్చిన ఆట అది. ఆ యంత్రం మా బంధువుల్లో ఎవరింట్లోనూ లేదు, ఫోనులో ఎమ్యులేటర్ పెట్టుకుని ఆడటమే. (అసలు అదే ఒక అడ్డదారి కదా అని ఎవరైనా అంటే నేను కాదనలేను.) ఆటలో రకరకాల జీవుల్ని పట్టుకోవాలి. పట్టిన ప్రతి రకమూ పోకెడెక్స్ అనే జాబితాకి ఎక్కుతుంది. కాంటో అనే ప్రాంతానికి చెందినవి మొత్తం 151. అందులో మ్యూ అనేదాన్ని మినహాయించి 150 పట్టితే, సెలడాన్ అనే పట్నంలో గేమ్ డిజైనర్ వేషంలో ఉన్న ఒకాయన డిప్లొమా ఇస్తాడు. డబ్బూ కాదు, బలమూ కాదు, ఉత్త కాగితం. మన డిగ్రీల సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మావాడి లెక్క అప్పటికి 118. సఫారీ జోన్‌లో ఛాన్సీ అనే గులాబి రంగు జీవి దొరకడం లేదని రోజూ భోజనాల దగ్గర పంచాయితీ. అక్కడికి వెళ్ళాలంటే ముందు రుసుము కట్టాలి. 30 బంతులిస్తారు. మన జీవులతో పోరాడి దాన్ని నీరసింపజేయడానికి వీల్లేదు. మేత వేయడమో, రాయి విసరడమో, బంతి వేయడమో, అంతే. ఛాన్సీ కనబడటమే అరుదు, కనబడినా పారిపోతుంది. "నలభైసార్లు వెళ్ళా మామయ్యా," అన్నాడు. ఆ మాటలో బాధకన్నా గొప్ప ఎక్కువగా ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

ఒక రాత్రి వాడు పడుకున్నాక ఫోను తీసుకున్నాను. ఎమ్యులేటర్‌లో చీట్ కోడ్లు వేసే వీలుంది. ఒక కోడ్ వేస్తే గడ్డిలో అడుగు పెట్టగానే కోరిన జీవి ప్రత్యక్షం. ఇంకో కోడ్‌తో గురి తప్పని మాస్టర్ బాల్ కావలసినన్ని. గంటన్నరలో 118ని 150 చేశాను. డిప్లొమా కూడా పుచ్చుకుని సేవ్ చేసి, పొద్దున్నే మేనల్లుడికి పుట్టినరోజు కానుక ఇస్తున్నవాడిలా ఫోను అందించాను.

వాడు జాబితా పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "ఛాన్సీని నువ్వు పట్టేశావా?" అన్నాడు. అవునన్నాను. కాసేపాగి, "నా నూట పద్దెనిమిది నాకిచ్చెయ్ మామయ్యా," అన్నాడు.

ఇవ్వలేను. ఉన్నది ఒక్కటే సేవ్, దాని మీదే నేను వ్రాసేశాను. నేను పట్టినవాటిని పెట్టెలోంచి వదిలేయవచ్చుగాని, పోకెడెక్స్‌లో 'పట్టినది' అని పడ్డ గుర్తు చెరగదు. వాడు ఏడవలేదు. ఫోను అక్కడే పెట్టి బయటికి పోయాడు. నేనున్న మిగతా నాలుగు రోజులూ ఆ ఆట ముట్టలేదు. అక్క మాత్రం, "పోనీలే, కళ్ళకి విశ్రాంతి," అంది.

సాయం చేయబోయి నేను చెడగొట్టింది ఏమిటి? తిరుగు ప్రయాణంలో మొదట లెక్క వేసి చూశాను, మనకి తెలిసిన విద్య అదే గనుక. సంభావ్యతా శాస్త్రంలో కూపన్ల సమస్య అని ఒకటుంది. 150 రకాల బొమ్మలున్నాయి, ప్రతిసారీ ఏదో ఒకటి సమాన అవకాశంతో చేతికొస్తుంది అనుకుందాం. అన్ని రకాలూ కూడాలంటే సగటున ఎన్నిసార్లు తీయాలి? 150ని (1 + 1/2 + 1/3 + ... + 1/150)తో గుణించాలి. దాదాపు 839 వస్తుంది. ఇందులో మొదటి 118 రకాలు రావడానికి సుమారు 230సార్లు చాలు, మిగిలిన 32కి 609 కావాలి. ఆఖరి ఒక్కదానికే సగటున 150. నిజానికి ఆటలో అవకాశాలు సమానం కావు, ఒక్కో జీవి ఒక్కో చోట ఉంటుంది, కొన్ని పెంచి పెద్దచేస్తే మారతాయి. కాబట్టి ఈ అంకెల్ని యథాతథంగా నమ్మనక్కర్లేదు. కాని ఏ సేకరణకైనా స్వరూపం ఇదే. జాబితాలో నూటికి 79 పాళ్ళు నిండినవాడు శ్రమలో నూటికి 27 పాళ్ళు మాత్రమే దాటి ఉంటాడు. నేను 'మిగిలిన కాస్తా' అనుకుని పూర్తి చేసినది ప్రయాణంలో ముప్పాతిక భాగం!

తర్వాత ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ మిత్రుడొకడు బెర్నార్డ్ సూట్స్ అనే ఆయన పుస్తకం చేతిలో పెట్టాడు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఈయన 1978లో ఆటంటే ఏమిటో నిర్వచించడానికే ఒక గ్రంథం వ్రాశాడు. ఆయన వాదం నా మాటల్లో ఇది: ఆటగాడు తనకి అవసరం లేని అడ్డంకుల్ని కావాలని నెత్తిన వేసుకుంటాడు. గోల్ఫ్‌లో బంతి గుంటలో పడటమే కావలసిందయితే నడిచి వెళ్ళి చేత్తో పడేయవచ్చు. కర్రతోనే కొట్టాలని ఒప్పుకున్నాడు గనుకనే అది గోల్ఫ్ అయింది. అలాగే 150 గళ్ళు నిండటం మాత్రమే కావలసిందయితే నా గంటన్నర చాలు. మావాడికి కావలసింది అది కాదు.

అయితే దీన్నిబట్టి అడ్డదారులన్నీ పాపమేనని తీర్మానించేస్తే సగమే నిజం చెప్పినవాళ్ళమవుతాం. ఎందుకంటే ఈ ఆటలో ఒంటరిగా ఆడేవాడికి జాబితా నిండే వీలే లేదు. ఫైర్‌రెడ్‌లో అసలు దొరకని కాంటో రకాలు 13 ఉన్నాయి, వల్పిక్స్, స్లోపోక్, మాగ్మార్ వగైరా. అవి 'లీఫ్‌గ్రీన్' అనే జంట ఆటలో దొరుకుతాయి. కడాబ్రా వంటి నాలుగు జీవులు ఇంకొకరితో మార్పిడి జరిగితేనే తర్వాతి రూపానికి ఎదుగుతాయి. మొదట్లో మూడింటిలో ఒకదాన్నే ఎంచుకోనిస్తారు గనుక మిగతా రెండు వంశాల జీవులు ఆరూ, శిలాజాల్లో వదిలేసిన వంశానివి రెండూ బయటినుంచే రావాలి. వెరసి 25. ఎంత శ్రమపడ్డా ఒక్కడి చేతికి అందేవి 125.

ఇది పొరపాటున జరిగింది కాదు. ఈ ఆట సృష్టికర్త సతోషి తాజిరి టోక్యో శివార్లలోని మాచిదాలో పురుగులు పట్టుకుంటూ పెరిగినవాడు. ఊరు పట్నమై, చెరువులూ చెట్లూ పోయి, పురుగులు మాయమయ్యాయి. గేమ్‌బాయ్ యంత్రాలు రెండింటిని కలిపే తీగ చూసినప్పుడు, దాని మీద ఒక పురుగు ఇటునుంచి అటు పాకిపోతున్నట్టు ఆయనకి తోచిందట. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో వచ్చిన మొదటి రెండు ఆటలూ, రెడ్, గ్రీన్, ఆ ఊహమీద నిలిచినవే. తొలకరికి ఆరుద్ర పురుగుల్ని ఏరుకున్నవాళ్ళకీ, అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి బంగారు పురుగుని దాచుకున్నవాళ్ళకీ ఇది వేరే చెప్పనక్కర్లేదు. నీ దగ్గర రెండుంటే నాకొకటి ఇవ్వడం ఆ వ్యవహారంలో భాగం.

కాబట్టి కోడ్ వేసేటప్పుడు దేన్ని దాటేస్తున్నామో చూడాలి. మావాడు కూడా ఎమ్యులేటర్‌లో వేగం పెంచే మీట వాడతాడు. నడిచిన దారినే పదోసారి నడుస్తున్నప్పుడు అలా చేస్తే నాకు తప్పుగా తోచదు, అక్కడ పోయేది విసుగు మాత్రమే. మ్యూ సంగతి చూడండి. ఆట తయారీ ముగిసే దశలో మిగిలిన ఇరుకు జాగాలో దాన్ని ఇరికించారు. 1996లో ఒక జపాన్ పత్రిక ద్వారా పోటీ పెట్టి 20 మందికి పంచారు. మామూలు దారిలో దొరకదు. లాటరీ తగలనివాడు కోడ్‌తో మ్యూని తెచ్చుకుంటే ఏ సవాలు చెడింది? నాకేమీ కనబడదు. ఛాన్సీ అలా కాదు. అది కష్టంగా దొరకాలనే అక్కడ పెట్టారు, మావాడు ఆ కష్టానికి ఒప్పుకునే నలభైసార్లు వెళ్ళాడు.

ఇంకో రకం అడ్డదారి ఆటలోంచే పుట్టుకొచ్చింది. 1998లో అమెరికాలో విడుదలైన రెడ్, బ్లూ ఆటల్లో విరిడియన్ పట్నపు ముసలాయన జీవిని పట్టడం ఎలాగో నేర్పుతాడు. ఆ కాసేపూ ఆటగాడి పేరుని అడవి జీవుల వివరాలుండే చోట దాచిపెడతారు. వెంటనే ఎగిరివెళ్ళి సినబార్ ద్వీపం తూర్పు ఒడ్డున ఈదితే, ఆ పేరులోని అక్షరాలే జీవులై ఎదురవుతాయి! అందులో మిస్సింగ్‌నో అనే చెదిరిన బొమ్మ కనబడితే సంచీలో ఆరో వస్తువుకి 128 కలుస్తాయి. పిల్లలు దీన్ని చెవిలో చెప్పుకుని ప్రపంచమంతా పాకించారు. ఇది మోసమా, పరిశోధనా? నన్నడిగితే రెండోదే అంటాను. యంత్రం లోపల ఏం జరుగుతోందో అంత రుచిగా నేర్పే పాఠం మన కంప్యూటర్ లాబ్‌లో నేను చూడలేదు.

పోటీల్లో ఆడేవాళ్ళ గొడవ వేరు. 2023 ఆగస్టులో యొకొహామాలో జరిగిన ప్రపంచ పోటీల్లో, కోడ్లతో తయారుచేసిన జీవుల్ని తెచ్చారని కొందరు ఆటగాళ్ళని తొలగించారు. మా సవాలు పోరాటం, సేకరణ కాదు, నెలల తరబడి ఏరుకోవడం దేనికి అన్నది వాళ్ళ పక్షం. అందులో సబబు లేకపోలేదు. కాని నియమం ఎదుటివాడికీ ఒకటే అయినప్పుడు ఒక్కడు మాత్రం దాన్ని సడలించుకోవడం ఎలా కుదురుతుంది?

నా తప్పు ఇంతకన్నా చిన్నదీ, ఇంతకన్నా పెద్దదీ. ఆట వాడిది, అడ్డంకి వాడు ఒప్పుకున్నది, దాన్ని తీసేసింది నేను. వాడే కోడ్ వేసుకుని ఉంటే వాడి ఇష్టం.

నెల తర్వాత ఫోను చేసి క్షమించమన్నాను. "సర్లే మామయ్యా, కొత్తది మొదలెట్టా," అన్నాడు పొడిగా. అప్పుడు నేను లీఫ్‌గ్రీన్ వేసుకున్నాను. కోడ్లు లేవు, వేగం మీట ఇద్దరికీ ఉంది, ఇది వాడు పెట్టిన షరతు. ఈ వ్యాసం ఇచ్చేనాటికి వాడి లెక్క 61, నాది 34. ఏడో రూట్ గడ్డిలో వాడికోసం వల్పిక్స్‌ని పట్టి ఉంచాను. దసరాకి వెళ్ళినప్పుడు రెండు ఫోన్లూ కలిపి మార్పిడి చేయాలి. వాడు స్క్విర్టిల్‌తో మొదలుపెట్టాడు, నేను బల్బసార్‌తో. మూడోది చార్‌మాండర్ ఇద్దరి దగ్గరా లేదు. మూడో మనిషి కావాలి. అక్కని అడుగుతున్నాం, ఇంకా ఒప్పుకోలేదు.