నలుపు చూసి కొనకండి: చలువ కళ్ళద్దాలు ఎలా ఎంచుకోవాలి?

ఏప్రిల్ వచ్చిందంటే చెరుకురసం బండ్లతో పాటు చలువ కళ్ళద్దాలు గుచ్చిన అట్టలు కూడా రోడ్డు మీదికి వస్తాయి. వందో నూటయాభయ్యో ఇచ్చి పెట్టుకోగానే కళ్ళకు హాయిగా ఉంటుంది. ఇంత నల్లగా ఉంది కదా, ఎండను బాగా ఆపుతుందిలే అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. కంటికి చేటు చేసే అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ కిరణాలు, కంటికి కనబడవు. కనబడే వెలుతురును ఆపేది అద్దం రంగు. యూవీని ఆపేది అద్దం తయారైన పదార్థం, దానికి వేసిన పూత. ఈ రెండూ వేరువేరు పనులు.

పైగా నల్ల అద్దం యూవీని ఆపకపోతే, ఏ అద్దమూ లేనప్పటి కంటే నష్టం ఎక్కువ కావచ్చు. ఎండలో మన కంటిపాప చిన్నదవుతుంది, కళ్ళు చికిలించుకుంటాం. ఇది కన్ను తనను తాను కాచుకునే తీరు. నల్ల అద్దం పెట్టగానే కంటిపాప విచ్చుకుంటుంది, రెప్పలు పూర్తిగా తెరుచుకుంటాయి. అలా తెరిచిన దారిలోంచి యూవీ లోపలికి పోతుంది.

ఏళ్ల తరబడి ఎండలో పనిచేసేవాళ్ళకు శుక్లం ముందుగా రావడానికీ, తెల్లగుడ్డు మీద కండ పెరగడానికీ ఈ కిరణాలు ఒక ముఖ్య కారణం. రైతుల్లో, చేపలు పట్టేవాళ్ళలో, ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళలో ఈ కండను తరచుగా చూస్తాం. అది ఎక్కువగా ముక్కు వైపు నుంచే మొదలవుతుంది. చెవి వైపు నుంచి ఏటవాలుగా పడిన వెలుతురు కార్నియా వంపు వల్ల వంగి, అవతలి అంచున, అంటే ముక్కు వైపున, ఒకచోట చేరడమే అందుకు కారణమని నిపుణులు చెబుతారు. ఎదురెండను ఆపితే చాలదు, పక్కనుంచి వచ్చేదాన్ని కూడా ఆపాలి. ఫ్రేము ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

1. ముందు కంటి పరీక్ష

చలువ కళ్ళద్దాలకు పరీక్ష ఎందుకని అనిపించవచ్చు. కానీ సైటు ఉన్నదీ లేనిదీ తెలియకుండా రెండు జతలు కొని, రెండూ పనికిరాక మూలన పడేసేవాళ్ళు చాలామంది. ముఖ్యంగా 40 దాటినవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా గ్లాకోమా ఉన్నవాళ్ళు కంటి డాక్టరుకు చూపించుకున్నాకే షాపుకు వెళ్ళాలి.

ఎవరి పని ఏమిటో కూడా తెలిసి ఉండాలి. జబ్బు కనిపెట్టి మందు, ఆపరేషను చేసేది కంటి డాక్టరు. చూపు పరీక్షించి నంబరు తేల్చేది ఆప్టోమెట్రిస్టు. ఆ నంబరుకు తగ్గ అద్దాలు బిగించి, ఫ్రేము ముఖానికి సరిచేసేది ఆప్టీషియన్. కొన్ని షాపుల్లో గడ్డం ఆనించి చూసే కంప్యూటరు పరీక్ష ఒక్కటే చేసి, చీటీ చించి ఇస్తారు. అది సుమారు అంచనా మాత్రమే. ఆ తర్వాత ఒక్కో అద్దం మార్చుతూ అక్షరాల బోర్డు చదివించి నంబరు ఖాయం చేయాలి. అలా చేయకపోతే మీరే అడగండి.

1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లోనూ విజన్ సెంటర్లు ఉన్నాయి. అక్కడి టెక్నీషియన్లు చూపు పరీక్షించి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల ‘కంటి వెలుగు’ శిబిరాల పాత చీటీ ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్ళండి. పాత నంబరు చూస్తే ఎంత మార్పు వచ్చిందో తెలుస్తుంది. దానితోనే కొత్త అద్దాలు మాత్రం చేయించుకోవద్దు.

2. షాపులో నాలుగు ప్రశ్నలు

మొదట అడగాల్సింది: "యూవీ 400 ఉందా?" 400 నానోమీటర్ల వరకు ఉన్న యూవీ కిరణాలన్నిటినీ ఆపుతుందని ఆ మాటకు అర్థం. స్టిక్కరు ఎవరైనా అంటించగలరు కాబట్టి మీటరు మీద పెట్టి చూపించమనండి. చాలా కళ్ళజోడు షాపుల్లో యూవీ మీటరు ఉంటుంది, అద్దాన్ని అందులో పెడితే ఎంత యూవీ దాటుతోందో చూపిస్తుంది. ఇంట్లో ఉన్న పాత జతలను కూడా తీసుకెళ్ళి పెట్టించండి. అడిగితే చాలామంది డబ్బు తీసుకోకుండానే చూస్తారు.

మీటరు లేకపోతే దొంగనోట్లు పట్టే యూవీ లైటు అడగండి. ఆ లైటు కింద 500 నోటు పెడితే దాని నంబర్లు, సన్నటి పోగులు మెరుస్తాయి. ఇప్పుడు లైటుకూ నోటుకూ మధ్య కళ్ళద్దం పెట్టండి. నోటును నేరుగా చూడాలి, అద్దంలోంచి కాదు. మెరుపు దాదాపు పోతే మంచి గుర్తు. అలాగే మెరుస్తూ ఉంటే ఆ జత వదిలేయండి. ఇది మోటు పరీక్షే, మీటరుకు సాటి రాదు. లైటు వైపు మాత్రం చూడకండి.

రెండోది: ఎంత నలుపు? కొన్ని ఫ్రేముల కాడ లోపల 0 నుంచి 4 దాకా ఒక అంకె ఉంటుంది. 3 అంటే వెలుతురులో 8 నుంచి 18 శాతం దాకా లోపలికి వస్తుంది. మన వేసవికి అది సరిపోతుంది. 4 మరీ చీకటి, అది పెట్టుకుని బండి నడపకూడదు. రంగుల్లో బూడిదరంగు ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది, గోధుమరంగు కూడా ఫరవాలేదు. రాత్రి ఏ రంగు అద్దమూ వద్దు.

మూడోది: పోలరైజ్డా? రోడ్డు, నీళ్ళు, కారు బానెట్ల మీంచి కొట్టే తళుకును పోలరైజ్డ్ అద్దం కోస్తుంది. పడవ నడిపేవాళ్ళకు, హైవే మీద తిరిగేవాళ్ళకు ఇది వరం. దాన్ని పెట్టుకుని కంప్యూటరు తెర వైపు చూస్తూ తల పక్కకు వంచితే తెర నల్లబడుతుంది. అలా అయితే పోలరైజ్డ్ అన్న మాట నిజం. అయితే కొన్ని ఫోన్ల తెరలు కూడా ఇలాగే నల్లబడతాయి. ఫోనులో దారి చూసుకుంటూ సరుకులు అందించే కుర్రాళ్ళు తమ ఫోనుతో అక్కడే సరిచూసుకుని కొనాలి. పోలరైజ్డ్ అన్నంత మాత్రాన యూవీ ఆపుతుందని లేదు, ఆ ప్రశ్న విడిగా అడగాల్సిందే.

నాలుగోది: అద్దం దేనితో చేసింది? బైకు నడిపేవాళ్ళకు, పిల్లలకు పాలికార్బొనేటు మేలు, అది తేలిగ్గా పగలదు. పిల్లల కంటి కటకం పెద్దల కటకం కంటే తేటగా ఉంటుంది, యూవీ మరింత లోపలికి పోతుంది. అందుకని వాళ్ళకు బొమ్మల దుకాణం అద్దాలు కొనకండి.

చివరగా అద్దాన్ని చేయి చాచి పట్టుకుని, తలుపు నిలువు అంచును అందులోంచి చూస్తూ మెల్లగా అటూ ఇటూ కదపండి. నంబరు లేని అద్దంలో ఆ గీత వంకర్లు పోతే తలనొప్పి ఖాయం.

3. సైటు ఉన్నవాళ్ళయితే

మామూలు తెల్ల అద్దాలకే యూవీ రక్షణ ఉండేలా చేయించుకోవచ్చు, దానికి రంగు అక్కర్లేదు. రోజంతా ఎండలో ఉంటే మాత్రం నంబరుతో రంగు అద్దాలు వేయించుకోవడమే నయం. ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలు అందరికీ నచ్చుతాయి కానీ రెండు సంగతులు తెలిసి కొనండి. వాటిని నల్లబరిచేది యూవీయే. కారు ముందద్దం యూవీని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి స్టీరింగు ముందు అవి సరిగ్గా నల్లబడవు. వాతావరణం బాగా వేడిగా ఉన్నప్పుడు కూడా నలుపు తగ్గుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు.

ఆర్డరు ఇచ్చేటప్పుడు రెండు కంటిపాపల మధ్య దూరం, షాపువాళ్ళు పీడీ అనేది, కొలిచి బిల్లు మీద రాయించుకోండి. యూవీ 400 అని కూడా రాయమనండి.

4. ముఖానికి కుదరాలి

దగ్గరి షాపు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఫ్రేము కనుబొమలకు దగ్గరగా, బుగ్గలకు తగలకుండా ఉండాలి. పక్కన వేలెడు సందు ఉంటే అందులోంచి ఎండ పడుతుంది. మంచి ఆప్టీషియన్ కాడను వేడిచేసి, చెవి వెనక వంపు సరిచేసి, ముక్కు ప్యాడ్లు నొక్కి, తల వంచమని చూస్తాడు. జారకపోతేనే చేతికిస్తాడు. నెలా రెండు నెలలకు వదులైతే మళ్ళీ వెళ్ళండి. హెల్మెట్ వాడేవాళ్ళు దాన్ని వెంట తీసుకెళ్ళి, పెట్టుకుని చూడాలి.

దుమ్ము పట్టిన అద్దాన్ని చొక్కా అంచుతో రుద్దితే గీతలు పడతాయి, నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద వదలకండి. మబ్బు పట్టిన రోజు కూడా యూవీ వస్తుంది కాబట్టి అప్పుడూ పెట్టుకోండి.

ఎంత మంచి చలువ కళ్ళద్దమైనా దానితో సూర్యుణ్ణి, గ్రహణాన్ని చూడకూడదు. వెల్డింగు దగ్గర అది చాలదు, వెల్డింగుకు విడి కవచం ఉంది. ఉన్నట్టుండి చూపు తగ్గినా, మెరుపులు కనబడినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, కండ నల్లగుడ్డు మీదికి పాకుతున్నా కళ్ళజోడు షాపుకు వెళ్ళకండి. ఆ రోజే కంటి డాక్టరును కలవండి.