బ్రెడ్‌బోర్డ్ మీద వెలిగింది, సోల్డర్ చేశాక ఆరిపోయింది: ఎల్‌ఈడీ సర్క్యూట్‌లో తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

బ్రెడ్‌బోర్డ్ మీద చక్కగా వెలిగిన సర్క్యూట్ సోల్డర్ చేశాక ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే ఎంత చిరాగ్గా ఉంటుందో ఈ మధ్యే తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు మా ఫ్రెండ్. రాత్రి పదిన్నరకి రూమ్‌లో ట్యూబ్‌లైట్ ఆపేస్తారు, మిగతా ముగ్గురూ పడుకోవాలి కదా. పవర్ బ్యాంక్‌తో నడిచే చిన్న స్టడీ ల్యాంప్ చేసిస్తానని వాడికి మాటిచ్చేశాను.

సామాను కోసం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి నడిచాను. తెల్ల ఎల్‌ఈడీలు 4, 100 ఓమ్స్ రెసిస్టర్లు 4, చుక్కల పీసీబీ ఒకటి, పాత యూఎస్‌బీ వైరు. (అక్కడ ఉత్తి 'లెడ్' అంటే సోల్డర్ తీగ ఇస్తారు. ఎల్‌ఈడీ అని విడివిడిగా చెప్పండి.)

లెక్క సింపుల్. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి నీలం చిప్, పైన పసుపు పూత. అందుకే దానికి సుమారు 3.1 వోల్ట్లు కావాలి. యూఎస్‌బీ ఇచ్చే 5లో మిగిలిన 1.9 వోల్ట్లు రెసిస్టర్ మీద పడతాయి. 1.9ని 100తో భాగిస్తే 19 మిల్లీ ఆంప్స్. ప్రతి ఎల్‌ఈడీకి దాని రెసిస్టర్ దానికే ఉండాలి. నాలుగింటికీ కలిపి ఒకటే పెడితే కరెంట్ సమానంగా పంచుకోవు.

ముందు కళ్లతో, తర్వాత మీటర్‌తో

సోల్డర్ అయ్యాక పవర్ బ్యాంక్‌కి పెట్టాను. ఒక్కటీ వెలగలేదు, పైగా పవర్ బ్యాంకే ఆఫ్ అయిపోయింది. ఇలా జరిగితే మళ్లీ మళ్లీ పెట్టి చూడకండి. ప్లస్, మైనస్ ఎక్కడో కలిసిపోయాయని అర్థం. వైరు తీసేసి, మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి రెండు లైన్ల మధ్య చూశాను. ఆగకుండా బీప్. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే రెండు చుక్కల మధ్య వెంట్రుకంత సోల్డర్ కనిపించింది. వేడి ఐరన్ మొనతో దాన్ని లాగేస్తే బీప్ ఆగింది.

మళ్లీ పవర్ ఇస్తే రెండు వెలిగాయి, రెండు వెలగలేదు. ఇక్కడే చాలామంది 'ఎల్‌ఈడీ కాలిపోయింది' అని పీకేస్తారు. తొందరపడకండి, వోల్టేజ్ చూస్తే అదే చెబుతుంది. వెలుగుతున్న దాని కాళ్ల మధ్య 3 వోల్ట్ల చిల్లర, దాని రెసిస్టర్ మీద 2కి దగ్గరగా వస్తుంది. ఎల్‌ఈడీ మీద 5, రెసిస్టర్ మీద 0 వస్తే ఎల్‌ఈడీ తిరగబడిందన్నా అయ్యుండాలి, లోపల తెగిపోయిందన్నా అయ్యుండాలి. ఎల్‌ఈడీ మీద 0, రెసిస్టర్ మీద 5 వస్తే ఎల్‌ఈడీ కాళ్లు రెండూ ఎక్కడో కలిశాయి. రెండింటి మీదా 0 అయితే కరెంట్ దారిలోనే ఆగిపోతోంది, అంటే ఏదో టాకా పట్టలేదు.

నా మూడో ఎల్‌ఈడీ మీద 5 వచ్చింది. కాళ్లు కత్తిరించేశాక పొడుగు కాలు ఏదో ఎలా తెలుస్తుంది? బోర్డు పట్టుకుని మా వీధి చివర మొబైల్ రిపేర్ అన్న దగ్గరికెళ్లాను. ఆయన అలా చూసి, "తమ్మీ, బోర్డు తిప్పినవ్ గానీ లెక్క తిప్పలే నువ్వు" అన్నాడు. నిజమే. సోల్డర్ వైపు నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, నేనది మర్చిపోయాను. ఎల్‌ఈడీ అంచుని గోటితో తడిమితే ఒక పక్క చదునుగా తగులుతుంది, అదే మైనస్. 5 వోల్ట్లకి తిరగేసి పెట్టినా మామూలుగా చావదు, తీసి సరిగ్గా పెడితే వెలుగుతుంది. నాదీ వెలిగింది.

నాలుగోదాని దగ్గర రెండూ 0. టూత్‌పిక్‌తో ఒక్కో టాకానీ నొక్కుతూ వెళ్తే, ఒకచోట మిణుక్కుమంది. మెరుపు లేకుండా ఉండలా కూర్చున్న సోల్డర్, అంటే కోల్డ్ జాయింట్. సోల్డర్‌ని ఐరన్ మొన మీద కరిగించి పూస్తే ఇలాగే అవుతుంది. ఐరన్‌తో ముందు కాలినీ రాగి చుక్కనీ కలిపి వేడి చేసి, సోల్డర్‌ని వాటికి తాకించాలి. రెండు మూడు సెకన్లు చాలు. అంతకంటే ఎక్కువసేపు పెడితే ఎల్‌ఈడీ నిజంగానే పోతుంది. కొంచెం ఫ్లక్స్ రాసి మళ్లీ వేడి చేస్తే సరిపోయింది.

ఇంకో మాట. మీటర్ డయోడ్ మోడ్‌లో తెల్ల ఎల్‌ఈడీ వెలగకపోతే పోయిందనుకోవద్దు. చాలా చౌక మీటర్లు 3 వోల్ట్లు కూడా ఇవ్వవు. బోర్డు నుంచి తీసిన ఎల్‌ఈడీని కొత్త సీఆర్2032 బటన్ సెల్‌కి తాకిస్తే, బాగుంటే మసకగానైనా వెలుగుతుంది.

అంతా బాగుంది, అయినా అరనిమిషంలో ఆరిపోతోంది

నాలుగూ వెలిగాయని సంబరపడి మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లిచ్చాను. ఆ రాత్రే ఫోన్. "అరేయ్, వెలుగుతోంది, ముప్పై సెకన్లలో ఆరిపోతోంది. పరీక్ష దగ్గర పడిందిరా." మళ్లీ టాకాలనే అనుమానించాను. "ఫోన్ చార్జర్‌కి పెట్టి చూడరా" అంటే గంటసేపు ఆరకుండా వెలిగింది!

తప్పు సర్క్యూట్‌ది కాదు. మన ల్యాంప్ తీసుకునేది 76 మిల్లీ ఆంప్స్ మాత్రమే. లోడ్ అంత తక్కువగా ఉంటే 'ఫోన్ చార్జింగ్ అయిపోయింది' అనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతట అవే ఆగిపోతాయి. ఇయర్‌బడ్స్, వాచ్‌ల కోసం కొన్నింటిలో లో కరెంట్ మోడ్ ఉంటుంది. చాలావాటిలో బటన్ రెండుసార్లు నొక్కితే ఆన్ అవుతుంది, మాన్యువల్ చూసుకోండి. అది లేకపోతే ప్లస్, మైనస్ మధ్య ఇంకో 100 ఓమ్స్ రెసిస్టర్ పెడితే 50 మిల్లీ ఆంప్స్ పెరుగుతాయి. కానీ అది పావు వాట్ వేడి పుట్టిస్తుంది కాబట్టి ఒక వాట్ రెసిస్టరే వాడాలి, పైగా ఆ కరెంటంతా దండగ.

నేను ఇంకో నాలుగు ఎల్‌ఈడీలు, నాలుగు రెసిస్టర్లు కలిపాను. మొత్తం 152 మిల్లీ ఆంప్స్. ఇప్పుడు ఆరడం లేదు. వెలుతురు ఎక్కువైందని పక్క మంచం వాడు గొడవ పెడుతుంటే, అట్టముక్కతో షేడ్ కట్టుకున్నాడట.