వంద చింతపిక్కలు

సెమిస్టర్ సెలవుల్లో నేను చదివిన హైస్కూలుకి వెళ్ళాను. "అణువిద్యుత్ రంగంలో ఉద్యోగాల గురించి పదో తరగతి వాళ్ళకి ఓ గంట చెప్పు" అన్నారు మా సైన్సు మాస్టారు. 'అణు' అనగానే ఏం గుర్తొస్తుందని అడిగితే సగం మంది బాంబు అన్నారు, మిగతావాళ్ళు ఐన్‌స్టీన్ అన్నారు. ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు.

అందుకని మన దగ్గర ఉన్నవే బోర్డు మీద రాశాను. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని. మణుగూరులో భారజల కర్మాగారం. హైదరాబాదులో రియాక్టర్లకి ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, కంట్రోల్ పరికరాలు చేసే ఈసీఐఎల్. ఇలాంటి చోట్ల శాస్త్రవేత్తలొక్కరే ఉంటే పని నడవదు. ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు కావాలి.

దారులు కూడా చెప్పాను. పది తర్వాత ఐటీఐ చేసినవాళ్ళనీ, ఇంటర్ సైన్సు వాళ్ళనీ బార్క్, ఎన్‌పీసీఐఎల్ లాంటి సంస్థలు స్టైపెండరీ ట్రైనీలుగా తీసుకుంటాయి. నెలనెలా డబ్బిస్తూ పని నేర్పుతాయి. డిప్లొమా, బీఎస్సీ వాళ్ళకి దానిపై కేటగిరీ. ఇంజనీరింగ్, ఎమ్మెస్సీ చేసినవాళ్ళకి 1957లో మొదలైన బార్క్ ట్రైనింగ్ స్కూల్ ఉంది.

"ఐటీఐ అంటే ఫెయిలైనవాళ్ళు చేరేది అంటాడన్నా మా నాన్న" అంది ముందు బెంచీ అమ్మాయి. పదిలో సైన్సు, లెక్కల మార్కులు కూడా చూస్తారని చెప్పాను. నోటిఫికేషన్ వచ్చినప్పుడు నాన్నకి చదివి వినిపించమన్నాను. ఒప్పుకుంటాడని మాత్రం మాటివ్వలేకపోయాను.

ఇక పాఠం. మీ ఊరి బడిలో మీరూ చెప్పొచ్చు, పైసా ఖర్చు లేదు. అష్టాచమ్మాకి చీల్చినట్టు చింతపిక్కల్ని చీల్చి, ఒక్కో గ్రూపుకి వంద బద్దలు ఇవ్వండి. ఒక్కో బద్ద ఒక్కో పరమాణువు అనుకోవాలి. అన్నీ కలిపి నేలమీద వెయ్యాలి. తెల్లవైపు పైకి పడ్డవి క్షీణించినట్టు లెక్క, పక్కన పెట్టెయ్యాలి. మిగిలినవి లెక్కపెట్టి రాసుకుని, మళ్ళీ వెయ్యాలి. ఏ బద్ద ఎప్పుడు తెల్లగా పడుతుందో చెప్పలేం. వందలో సుమారు ఎన్ని పడతాయో చెప్పగలం. రేడియోధార్మికత అంతే. సగం మిగలడానికి పట్టే కాలమే అర్ధాయువు. అయోడిన్-131కి అది 8 రోజులు, సీజియం-137కి దాదాపు 30 ఏళ్ళు.

నాలుగు గ్రూపుల లెక్కలు వంకరటింకరగా వచ్చాయి. ఒకరికి 100, 61, 36, 20, 13. ఇంకొకరికి ఇంకోలా. ముందు బెంచీ అమ్మాయి గ్రూపు మాత్రం 100, 50, 25, 12, 6 అని చక్కగా రాసిచ్చింది. చింతబద్ద ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. నాణెంలా సరిసమానంగా పడాలని లేదు. పడినా వరసగా ఇంత కచ్చితంగా రావడం కష్టం. "నిజంగా వేశారా?" అన్నాను. "రెండుసార్లు వేశామన్నా. సగం అవ్వాలి కదా అని మిగతావి రాసేశాం."

నాకు తిట్టాలనిపించలేదు. మొదటి సంవత్సరం ఫిజిక్స్ ల్యాబులో నేను చేసిందీ అదే. జవాబు ముందు పెట్టుకుని, రీడింగులు వెనకనుంచి అల్లాను. రికార్డులో పదికి పది వేశారు. ఇది చదువుతున్న మీలో ఎంతమంది చెయ్యలేదు?

ఆ సంగతి పిల్లలకి చెప్పి, ఇంధనం బండిల్ బొమ్మ గీశాను. జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో యురేనియం డయాక్సైడ్ బిళ్ళలు పేర్చి, రెండు చివర్లా మూతలు వెల్డ్ చేస్తారు. మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్ల బండిల్‌లో అలాంటి గొట్టాలు 19 ఉంటాయి, 700 మెగావాట్ల వాటిలో 37. ఆ వెల్డులో సన్నటి పగులు ఉన్నా, రియాక్టర్లో రేడియోధార్మిక పదార్థాలు చుట్టూ ప్రవహించే నీళ్ళలోకి వచ్చేస్తాయి. పరీక్షించేవాడు "బాగానే ఉండాలి కదా" అని టిక్కు పెట్టేస్తే?

"అక్కడ పనిచేస్తే కేన్సర్ రాదా అన్నా?" అని వెనకనుంచి ఒక కుర్రాడు అడిగాడు. ప్రమాదమే లేదని చెప్పలేదు. అక్కడ ఒంటికి తగిలే రేడియేషన్‌ని బ్యాడ్జీ పెట్టి కొలుస్తారనీ, మనదేశంలో ఉద్యోగికి పరిమితి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులనీ, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదనీ చెప్పాను. చిన్న మూలం నుంచి రెండింతల దూరం జరిగితే తగిలేది నాలుగో వంతే. ఆ రక్షణంతా కూడా ఎవరో ఒకరు ఉన్నది ఉన్నట్టు రాసిన అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

అందుకే బడి పిల్లల్ని ఈ రంగానికి తయారుచెయ్యడమంటే ముందు సూత్రాలు బట్టీ పట్టించడం కాదనిపించింది. వచ్చిన రీడింగు రాయడం, తేడా వస్తే దాచకుండా చెప్పడం నేర్పాలి. అది పదో తరగతిలోనే అలవాటవ్వాలి. ఇంజనీరింగ్‌కొచ్చాక ఎంత కష్టమో నాకు తెలుసు.

బెల్లు కొట్టినా ఆ గ్రూపు కదల్లేదు. మళ్ళీ మొదటినుంచి వేశారు. 100, 58, 37, 21, 14. "వంకరగా వచ్చిందన్నా, పర్లేదా?" అంది ఆ అమ్మాయి.

గ్రాఫ్ కాగితం ఇచ్చి, చుక్కలు పెట్టమన్నాను.