మీ ఊరి నాటక సమాజానికి మీరే టెక్ సపోర్ట్: ఫ్రీగా ఏమేం దొరుకుతాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పరిషత్తు పోటీలకు వెళ్లే నాటక సమాజం, పిల్లలకు కూచిపూడి నేర్పే సంస్థ, ఒగ్గు కథ బృందం, తోలుబొమ్మలాట ఆడే కుటుంబం... మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. వాళ్ల దగ్గరున్న టెక్నాలజీ అంతా లెక్కేస్తే మామూలుగా తేలేది ఇంతే: సెక్రటరీ గారి ఫోన్, ఆయన పేరు మీదున్న ఒక జీమెయిల్, ఒక వాట్సాప్ గ్రూప్, బీరువాలో దుమ్ము పట్టిన క్యాసెట్లు.

ఇలాంటి చోట ఐటీ డిపార్ట్‌మెంట్ ఉండదు. ప్రాసెసర్ పేరు వినగానే బెంచ్‌మార్క్ స్కోర్ చెప్పేసే మీలాంటి వాళ్లు ఒక్కరు వారానికి రెండు గంటలు కూర్చున్నా చాలా మారిపోతుంది. ఈ గైడ్ అందుకే.

స్టెప్ 1: ముందు అడగండి, తర్వాతే కొనండి

మనలాంటి గ్యాడ్జెట్ ప్రియులకు మొదట తట్టేది "మంచి కెమెరా కొనండి" అన్న సలహానే. ఆగండి. పెన్ను, నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. ఈమెయిల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ ఎవరి పేరు మీద ఉన్నాయి? పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?
2. ఓటీపీ ఏ నంబర్‌కి వస్తుంది? ఆ సిమ్ ఎవరిది?
3. పాత రికార్డింగులు ఏ రూపంలో, ఎన్ని ఉన్నాయి? వేరే కాపీ ఉందా?
4. నాటక ప్రతులు, కరపత్రాలు ఏ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేశారు?
5. సంస్థ రిజిస్టర్ అయిందా? కాగితాలు ఎక్కడున్నాయి?

జవాబులు విన్నాక కెమెరా కంటే అర్జెంటు పనులు నాలుగైదు ఉన్నాయని మీకే అర్థమవుతుంది.

స్టెప్ 2: అకౌంట్లు మనిషివి కాదు, సంస్థవి

పదేళ్ల ప్రదర్శనల వీడియోలన్నీ ఒకే వ్యక్తి పర్సనల్ జీమెయిల్‌లో ఉన్నాయనుకోండి. ఆయన ఫోన్ పోయినా, ఆయనే లేకపోయినా ఆ ఛానెల్ తాళం పోయినట్టే. పైగా రెండేళ్లు వాడకుండా వదిలేసిన పర్సనల్ అకౌంట్లను తొలగించవచ్చని గూగుల్ 2023లోనే పాలసీ మార్చింది.

చేయాల్సినవి:

- యూట్యూబ్ ఛానెల్‌ను బ్రాండ్ అకౌంట్‌లోకి మార్చండి. అప్పుడు ఒకరికి మించి ఓనర్లను పెట్టొచ్చు. కొత్తగా చేర్చిన ఓనర్‌ను ప్రైమరీ ఓనర్ చేయాలంటే 7 రోజులు ఆగాలి. కాబట్టి ఈ పనిని ప్రదర్శన ముందురోజుకి పెట్టుకోవద్దు.
- టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, బ్యాకప్ కోడ్స్ ప్రింట్ తీసి కవర్‌లో పెట్టి సీల్ చేయండి. అది సమాజం మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో ఉండాలి.
- ఎవరెవరికి ఏ అకౌంట్‌లో యాక్సెస్ ఉందో ఒక పేజీలో తెలుగులో రాసి పెట్టండి.

పాస్‌వర్డ్ మీ దగ్గర మాత్రమే ఉంచుకోవద్దు. రేపు మీరు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతే పాత సమస్యే కొత్త పేరుతో తిరిగొస్తుంది.

స్టెప్ 3: కాగితాలుంటే ఫ్రీగా వచ్చేవి

లాభాపేక్ష లేని సంస్థలకు పెద్ద టెక్ కంపెనీలు చాలా సర్వీసులు ఉచితంగానో, బాగా తగ్గించిన ధరకో ఇస్తాయి. మన దగ్గర చాలా కళాసంస్థలకు ఈ సంగతి తెలియదు. ముందుగా కావాల్సింది సొసైటీగానో, ట్రస్టుగానో, సెక్షన్ 8 కంపెనీగానో రిజిస్ట్రేషన్ ఉండటం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొసైటీల రిజిస్ట్రేషన్‌కు ఆధారం 2001 నాటి సొసైటీల చట్టం.

- గూగుల్ ఫర్ నాన్‌ప్రాఫిట్స్: వెరిఫికేషన్ పూర్తయితే గూగుల్ వర్క్‌స్పేస్ ఉచితం. సంస్థ సొంత డొమైన్‌తో ఈమెయిల్ వస్తుంది, స్టోరేజ్ కూడా పర్సనల్ అకౌంట్‌లో ఇచ్చే 15 జీబీ కంటే చాలా ఎక్కువ. అర్హత ఉన్న సంస్థకు గూగుల్ సెర్చ్‌లో నెలకు 10,000 డాలర్ల విలువైన ప్రకటనల వరకు ఉచితంగా ఇచ్చే యాడ్ గ్రాంట్స్ కూడా ఉంది. ప్రభుత్వ సంస్థలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు దీని పరిధిలోకి రావు.
- కాన్వా ఫర్ నాన్‌ప్రాఫిట్స్: డబ్బు కట్టి వాడే ఫీచర్లు సంస్థ టీమ్‌కు ఉచితంగా వస్తాయి. పోస్టర్లు, ఆహ్వానపత్రికలకు ఇది చాలు.
- టెక్‌సూప్: సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇచ్చే విరాళాలు, డిస్కౌంట్లను సంస్థలకు చేర్చే వేదిక. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూమెంటర్ అనే పేరుతో మొదలైంది. అప్పట్లో దాని పని కంప్యూటర్ తెలిసిన వాలంటీర్లను సాయం కావాల్సిన సంస్థలకు జత చేయడం. అంటే ఇప్పుడు మీరు చేయబోతున్న పనే.

అప్లై చేసేటప్పుడు సంస్థ పేరు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో, పాన్ కార్డులో, ఫారంలో అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. "సమాజం", "సమాజము" లాంటి చిన్న తేడా కూడా వెరిఫికేషన్‌లో అడ్డం తిరగొచ్చు. వర్క్‌స్పేస్‌కి డొమైన్ కావాలి, దానికి ఏటా కొంత ఖర్చవుతుంది. ఆ డొమైన్‌ను కూడా సంస్థ పేరు మీదే కొనండి.

రిజిస్ట్రేషన్ లేదా? అయినా పనులు ఆగవు. లిబ్రే ఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్, ఆడాసిటీ, ఓబీఎస్ స్టూడియో ఎవరికైనా ఉచితమే.

స్టెప్ 4: బీరువాలోని క్యాసెట్లు, అసలు గడియారం ఇక్కడే నడుస్తోంది

ఈ గైడ్‌లో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. మాగ్నెటిక్ టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, దాన్ని ప్లే చేసే మెషీన్లు అంతకంటే ముందే మాయమవుతున్నాయి. వీసీఆర్‌లు తయారు చేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లో ఉత్పత్తి ఆపేసింది. ఈ ప్రమాదం గురించి యునెస్కో కూడా హెచ్చరించింది.

ఎలా చేయాలి:

- ముందు క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ విరగ్గొట్టండి. పొరపాటున దాని మీద ఇంకోటి రికార్డ్ అయ్యే అవకాశం ఉండదు.
- తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు. ప్లేయర్ హెడ్ పాడవుతుంది, బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. అలాంటివి విడిగా తీసి, అనుభవమున్న వాళ్లకే ఇవ్వండి.
- ఆడియో క్యాసెట్ అయితే ప్లేయర్ నుంచి కంప్యూటర్‌కు లైన్ ఇన్ ద్వారా ఆడాసిటీలో రికార్డ్ చేయండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ ఫైల్ గంటకు సుమారు 1 జీబీ. ఎంపీ3 పంచుకోవడానికి, వేవ్ దాచుకోవడానికి.
- వీహెచ్‌ఎస్ అయితే వీసీఆర్, యూఎస్‌బీ క్యాప్చర్ డివైస్ కావాలి. మినీ డీవీ అయితే ఫైర్‌వైర్ పోర్టున్న పాత కంప్యూటర్ వెతకండి. గంట టేపుకు సుమారు 13 జీబీ పడుతుంది.
- 3-2-1 సూత్రం పాటించండి: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, వాటిలో ఒకటి వేరే చోట.

ఏది ముందు? వేరే కాపీ లేనిది, అందులో పాడినవాళ్లు ఇప్పుడు లేనిది. సినిమా పాటల క్యాసెట్లు ఆఖరికి.

ఇంకో ముఖ్యమైన మాట. టేపులో శబ్దాన్ని మెషీన్ చదువుతుంది గానీ, "ఈ పద్యం ఎవరు పాడారు, హార్మోనియం ఎవరిది, ఏ ఊరి ప్రదర్శన" అన్నది మెషీన్ చెప్పదు. అది ఆ పెద్దవాళ్లకే తెలుసు. అందుకే ఫైల్ రెడీ కాగానే వాళ్ల పక్కన కూర్చుని వినిపించండి. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసి, నాటకం పేరు, తేదీ, ఊరు, పాత్రధారులు ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించండి. టేపు ఇంకో రెండేళ్లు ఆగొచ్చు, ఎనభై ఏళ్ల మాస్టారి జ్ఞాపకం ఆగుతుందన్న గ్యారంటీ లేదు.

స్టెప్ 5: అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి

పాత కరపత్రాలు, నాటక ప్రతులు చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైప్ చేసి ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, సెర్చ్ కూడా పనిచేయదు. కన్వర్టర్ టూల్స్‌తో వాటిని యూనికోడ్‌లోకి మార్చండి. ఒత్తులు, వట్రుసుడుల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి తెలుగు బాగా వచ్చినవాళ్లతో ఒకసారి చదివించాలి.

పోస్టర్లకు అందమైన యూనికోడ్ ఫాంట్లు లేవన్నది పాత మాట. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

స్టెప్ 6: ఉన్న ఫోన్‌తోనే మంచి రికార్డింగ్

- ఐఫోన్‌లో హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో 1080పీ 30 ఎఫ్‌పీఎస్ నిమిషానికి సుమారు 60 ఎంబీ, 4కే 30 ఎఫ్‌పీఎస్ సుమారు 170 ఎంబీ. అంటే రెండు గంటల నాటకం 7 జీబీనా, 20 జీబీనా? నిల్వ చేసే చోటు చూసుకుని నిర్ణయించండి.
- ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయండి. లేదంటే స్టేజ్ లైట్ మారినప్పుడల్లా మొహాలు తెల్లగా అయిపోతాయి.
- నాటకానికి వీడియో కంటే మాట ముఖ్యం. హాలు చివర నుంచి ఫోన్ మైక్‌తో తీస్తే ప్రతిధ్వని తప్ప పద్యం వినబడదు. సౌండ్ సిస్టమ్ వాళ్లను ముందే అడిగి, మిక్సర్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి లైన్ తీసుకోండి. ఏమైనా కొనాలనుకుంటే మొదట కొనాల్సింది ఆ ఇంటర్‌ఫేస్, ట్రైపాడ్. కొత్త ఫోన్ కాదు.
- యూట్యూబ్ లైవ్‌ను మొదటిసారి ఎనేబుల్ చేస్తే యాక్టివేట్ అవడానికి 24 గంటల వరకు పట్టొచ్చు. ఫోన్ నుంచి నేరుగా లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్‌తో అయితే ఆ షరతు లేదు.

అప్‌లోడ్ చేసే ముందు కళాకారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రదర్శనకారులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఇస్తుంది. "మనవాళ్లే కదా" అనుకుంటే తర్వాత మనస్పర్థలొస్తాయి.

స్టెప్ 7: విరాళాల దగ్గర జాగ్రత్త

యూపీఐ క్యూఆర్ కోడ్ సంస్థ బ్యాంక్ ఖాతాదే అయి ఉండాలి, కోశాధికారి పర్సనల్ నంబర్ వద్దు. విదేశాల్లోని మన ఊరివాళ్లు పంపుతామంటే ఒక్క ప్రశ్న అడగాలి: పాస్‌పోర్ట్ ఏ దేశానిది? భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సొమ్మును బ్యాంక్ ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే, ఓసీఐ కార్డున్నా, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి తప్పనిసరి. ఈ విషయంలో ఆడిటర్‌ని అడగకుండా క్యూఆర్ కోడ్‌ను విదేశీ గ్రూపుల్లో షేర్ చేయొద్దు.

చివరిగా, ఎలా మెలగాలి?

మీకు టెక్నాలజీ తెలుసు, వాళ్లకు కళ తెలుసు. "ఇది కూడా రాదా?" అన్న ఒక్క మాటతో ఆ తలుపు మూసుకుపోతుంది. మీరే చేసేయకుండా వాళ్ల చేత్తో చేయించండి. స్క్రీన్‌షాట్లతో తెలుగులో ఒక చిన్న గైడ్ రాసివ్వండి. సమాజంలోనే వయసులో చిన్నవాళ్లను ఒకరిద్దర్ని ఎంచుకుని అన్నీ నేర్పండి. మీరు లేకపోయినా పని నడిచిన రోజే మీ సపోర్ట్ సక్సెస్ అయినట్టు.

ఏడు స్టెప్పులూ ఒకేసారి అక్కర్లేదు. మొదటి ఆదివారం ఐదు ప్రశ్నలు, రెండో ఆదివారం అకౌంట్లు, మూడో ఆదివారం ఒక్క క్యాసెట్. ఆ ఒక్క క్యాసెట్ విన్నాక మిగతావి బీరువాలోంచి వాళ్లే తీసిస్తారు.