'బ్రేక్' అను ఆంగ్లక్రియ

ఆంగ్లము నభ్యసించు బాలురు పెద్దపదములకు జడిసి నిఘంటువు తెఱతురు. చిన్నపదములను తెలిసినవే యనుకొని విడిచిపెట్టుదురు. పరీక్షాపత్రములు దిద్దువారికి కనబడు తప్పులలో అనేకము లీ చిన్నపదములవలననే కలుగుచున్నవి. 1755వ సంవత్సరమున మహానిఘంటువును ప్రకటించిన డాక్టరు జాన్సన్ పండితుడు సైతము, ఇట్టి క్రియలకు నిశ్చితమైన యర్థము నిరూపించుట కష్టమని పీఠికలో మొఱపెట్టుకొనెను. ఆయన పేర్కొన్నవానిలో 'బ్రేక్' ఒకటి. దానినే యిచ్చట విచారింతము.

మొదట వాచ్యార్థము. ఒక వస్తువు బలముచేత తునుకలగుటయే 'బ్రేక్' అని స్థూలముగ చెప్పవచ్చును. ఇందే మనకొక చిక్కున్నది. ఆంగ్లేయునికి కుండకును, కఱ్ఱకును, దారమునకును ఒక్క క్రియయే చాలును. తెలుగున కుండ పగులును, కఱ్ఱ విఱుగును, దారము తెగును. కఱ్ఱ పగిలినదన్నచో నిలువున చీలినదని యర్థము. విఱిగినదన్నచో అడ్డముగ రెండైనది. కుండ విఱిగినదనువాడు తెలుగువాడే కాడు! కావున 'బ్రేక్' కనబడినంతనే, విఱిగిన వస్తువేదో చూడక తెలుగుక్రియను వ్రాయరాదు. తెలుగు బైబిలునందు రొట్టెను విఱిచిరని యున్నది. ఇంట మనము రొట్టెను తుంచుదుము. తఱచుగ వినుటచే నా మాట మన చెవికి క్రొత్తగా తోచదు.

ఇక లాక్షణికార్థములు. ఆంగ్లేయులు శాసనమును 'బ్రేక్' చేయుదురు, ఇచ్చిన మాటను 'బ్రేక్' చేయుదురు. ఈ రెంటిని చెక్కుచెదరక కాపాడవలసిన పాత్రలవలె భావించిరి కాబోలు. మనమో, ఆజ్ఞను మీఱుదుము. అనగా దానిని గట్టుగా నెంచి దాటుదుము. ఉల్లంఘన మను సంస్కృతపదమునకును దాటుటయే మూలార్థము. మాట విషయమున తప్పుదుము. అది త్రోవ తప్పుటవంటిది.

రాత్రి భోజనము మొదలు తెల్లవాఱువఱకు గల నిరాహారమును ఉపవాసముగా నెంచి, దానిని భంగపఱచునది గనుక ఉదయాహారమునకు 'బ్రేక్‌ఫస్ట్' అని పేరిడిరి. ఏకాదశి యుపవాసానంతరము ద్వాదశినాడు చేయు భోజనమునకు మనకు పారణ యని వేఱుపేరే కలదు. తెల్లవాఱుటకును వారీ క్రియనే వాడుదురు. ఇందుకు మనము నవ్వనక్కఱలేదు; పొద్దు పొడిచినదని మనమును అందుము, పొడుచుట యనుమాట యీటెపోటునకును చెల్లునదే గదా! గణితమందలి 'ఫ్రాక్షన్' అను పదము విఱుచుట యను నర్థముగల లాటిన్ ధాతువునుండి వచ్చినది. మన భిన్నమునకును బ్రద్దలైనదనియే యర్థము. లెక్కల తరగతిలో దినదినము వాడుచు దాని వాచ్యార్థమును మఱచినాము.

అన్నిటికంటె అపాయకరమైన తావు హృదయవిషయము. 'హార్ట్' 'బ్రేక్' అయ్యెనన్నచో మహాదుఃఖము కలిగెనని తాత్పర్యము. గుండె పగిలెనని మనమును అందుము. అయితే కొందఱు బాలురు 'హార్ట్'ను మనసుగా మార్చి, మనసు విఱిగెనని వ్రాయుదురు. పాలు విఱిగినట్లు మనసు విఱుగుట వేఱు. అది ప్రేమ పోయి విముఖత కలుగుట.

ఒక కుటుంబమును తలపోయుడు. దూరదేశమున ఉద్యోగము చేయు పెద్దకుమారుడు మరణించెను. అతని యధికారి యింటికి ఆంగ్లమున జాబు వ్రాసెను. ఇంట ఆంగ్లమెఱిగినవాడు హైస్కూలులో చదువు తమ్ము డొక్కడే. తల్లి జాబు వినుటకై యెదుట కూర్చున్నది. అందు, వార్తను తల్లికి మెల్లగా 'బ్రేక్' చేయుడనియు, ఆమె 'హార్ట్' 'బ్రేక్' కాగలదనియు ఉన్నది. రెండవదానిని మనసు విఱుగుటగా చెప్పినచో, పోయిన కొడుకుపై తల్లికి ప్రేమ పోవునని చెప్పినట్లగును. మొదటి 'బ్రేక్'నందు విఱుగునదేదియు లేదు. దుర్వార్తను వినువారు తాళగలుగునట్లు కొంచెము కొంచెముగా తెలుపుటయే దాని యర్థము. మెల్లగా చెవిని వేయుమని మన పెద్దలందురే, అదియే యిది. ఆ బాలు డీ సంగతి నెఱిగినవాడైనచో, జాబును బిగ్గఱగా చదువక మడచి జేబులో నుంచుకొని, ముందుగా తండ్రిని పెరటిలోనికి పిలుచును.