కొత్త డిస్కు పెట్టే ముందు



భద్రాచలం ఆఫీసులో సర్వర్ నిండిపోవచ్చిందని, కొత్త డిస్కు కూడా వచ్చేసిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆదివారం ఎవరూ లేనప్పుడు పెట్టేస్తావట. ఆ ఆదివారాన్ని ఇంకో వారం జరుపు.

డిస్కు కలపడం పది నిమిషాల పని. 1998లో హైంజ్ మవెల్స్‌హాగెన్ లినక్స్‌కి ఎల్‌వీఎం రాసినప్పటి నుంచి రెండు మూడు డిస్కుల్ని ఒకే పెద్ద డిస్కులా వాడుకోవడం తేలికైపోయింది. ఇప్పుడైతే చాలాసార్లు సర్వర్ ఆపనక్కర్లేదు కూడా. ప్రమాదమంతా ఆ పది నిమిషాల్లో చెయ్యి ఏ డిస్కు మీద పడిందన్న దగ్గరే ఉంది.

ఆ సర్వర్లో ఉన్నవి పోడు భూముల దరఖాస్తులు, గ్రామసభ తీర్మానాలు, సర్వే మ్యాపులు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అదీ సాక్ష్యమేనంటుంది. చర్ల వైపో దుమ్ముగూడెం వైపో ఒక కోయ పెద్దాయన ఎప్పుడో వేలిముద్ర వేసిచ్చిన వాంగ్మూలం పోయిందనుకో, మళ్లీ రాయించుకోవడానికి ఆయన ఉండాలి కదా. అసలు కాగితం బీరువాలో ఉందంటారు గానీ, ఏ బీరువాలోనో ఎవరూ చెప్పరు.

గిట్‌ల్యాబ్ కంపెనీ సంగతి విని ఉంటావు. 2017 జనవరి 31 రాత్రి వాళ్ల ఇంజినీరు ఒకరు రెండో డేటాబేస్ సర్వర్లో డేటా ఫోల్డర్ తీసేస్తున్నాననుకుని అసలు సర్వర్లో తీసేశాడు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపాడు, అప్పటికే 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. పోనీ బ్యాకప్ ఉందిగా అని చూస్తే ఏమీ లేదు. పోస్ట్‌గ్రెస్ 9.6 డేటాబేస్‌కి 9.2 టూల్‌తో బ్యాకప్ తీస్తున్నారు. అది ఫెయిలవుతూనే ఉంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్లు ఎవరికీ చేరట్లేదు. చివరికి ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసి ఉంచిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ కాపాడింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

అందుకని బ్యాకప్ లాగ్‌లో పచ్చ టిక్కు చూసి ఊరుకోకు. మూలన పడున్న డెస్క్‌టాప్ ఒకటి తీసి దాని మీద రిస్టోర్ చెయ్యి. చర్లవి కొన్ని, దుమ్ముగూడెంవి కొన్ని ఫైళ్లు తెరువు. మ్యాపు తెరుచుకోవాలి, వేలిముద్ర గీతలు కనబడాలి.

మరి ఆ కాపీ ఎక్కడ పెడతావు? భద్రాచలంలో వరదకి మొదటి హెచ్చరిక 43 అడుగులకి, రెండోది 48కి, మూడోది 53కి. గోదారి 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. నీళ్లే రానక్కర్లేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్లో నిప్పు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ 858 టీబీ కాలిపోయింది. మరీ పెద్దదని దానికి బయట బ్యాకప్ పెట్టలేదు.

మీ ఆఫీసరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఒక కాపీ ఖమ్మం ఆఫీసులో పెట్టించు. కింది అంతస్తులో వద్దు, 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఏం చేసిందో చూశాం. మొదటిసారే నెట్‌లో పంపాలని చూడకు. 20 ఎంబీపీఎస్ లైను మీద 2 టీబీ వెళ్లాలంటే రాత్రింబగళ్లు పంపినా తొమ్మిది రోజులు దాటుతుంది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి ఆర్టీసీ బస్సెక్కు. ఆ తర్వాత ఏ రోజు మార్పులు ఆ రోజు ఆర్‌సింక్‌తో వచ్చేస్తాయి.

వచ్చింది ఒక్క డిస్కేనట. దాన్ని అలాగే కలిపితే వాల్యూమ్ పాతదాని మీదా కొత్తదాని మీదా పరుచుకుంటుంది, రెంటిలో ఏది చెడినా మొత్తానికే మోసం. బిల్లు లేటైనా సరే ఇంకోటి తెప్పించి, కొత్తవి రెండూ రెయిడ్-1 మిర్రర్ చేసి అప్పుడు కలుపు. పాతదానికి మిర్రర్ ఉందో లేదో కూడా చూడు. మిర్రర్ ఉందని బ్యాకప్ మానేవాళ్లుంటారు. పొరపాటున చెరిపిన ఫైలు రెండో డిస్కులోనూ అప్పుడే చెరిగిపోతుంది.

బిగించకముందే డిస్కుల స్టిక్కర్ మీది సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకో. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీబూట్‌తో మారిపోవచ్చు, సీరియల్ మారదు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సీరియల్ కాలమ్ తెప్పించుకుని, అది కాగితంతో కలిశాకే మిర్రర్ కట్టు, దాని మీద పీవీక్రియేట్ కొట్టు. తర్వాత వీజీఎక్స్‌టెండ్, ఆ పైన ఎల్‌వీఎక్స్‌టెండ్. ఎల్‌వీరీసైజ్ జోలికి పోకు. 500 జీబీ పెంచబోయి ముందు ప్లస్ గుర్తు మర్చిపోతే ఎల్‌వీఎక్స్‌టెండ్ కుదరదని ఆగిపోతుంది. ఎల్‌వీరీసైజ్ మాత్రం 2 టీబీ వాల్యూమ్‌ని 500 జీబీకి కోసేయడానికి సిద్ధపడొచ్చు. ఒకసారి అడుగుతుంది నిజమే, అర్ధరాత్రి అడిగితే ఎవరైనా 'వై' కొట్టేస్తారు.

ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే పెంచాక తగ్గించుకోవడం కుదరదు. అందుకని ఉన్న స్థలమంతా ఒకేసారి ఇచ్చేయకు, స్నాప్‌షాట్‌కి కొంత ఖాళీ వదులు. యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకో, మీ వైపు కరెంటు సంగతి తెలిసిందే.

పీవీక్రియేట్ కొట్టే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే స్క్రీన్, స్టిక్కర్ల ఫొటో వాట్సాప్‌లో పెట్టు. డ్రైవ్ తెచ్చిన రోజు భోజనానికి ఇంటికే రమ్మని అత్తయ్య చెప్పింది.

మామయ్య
ఖమ్మం